ఉన్న ఓటు పీకేశారండి: అమెరికాలో ఫ్రీ బ్లాక్స్ హక్కుల మీద రాష్ట్రాల్లో నడిచిన గొడవ

ప్రశ్న ఏంటంటే, బానిసలు కాని నల్లజాతి వాళ్లకి కూడా అమెరికాలో 1870లో పదిహేనో సవరణ (రంగు చూసి ఓటు కాదనకూడదని రాజ్యాంగంలో చేర్చినది) వచ్చేదాకా ఓటే లేదు కదా, మరి 1821లో న్యూయార్క్‌లో, 1838లో పెన్సిల్వేనియాలో వాళ్ల ఓటు గురించి అన్నేసి రోజులు వాదించుకోవడం దేనికి, లేనిదాని మీద చర్చ ఏంటి, ఆ సవరణ రాగానే నార్త్, అంటే ఉత్తరాది రాష్ట్రాలన్నీ చప్పట్లు కొట్టాయా అని.

ఆ "ఓటే లేదు" అన్న దగ్గరే తేడా వచ్చిందండి. చాలా రాష్ట్రాల్లో ఉండేది, ఉన్నదాన్ని పీకేశారు. అది కూడా ఏదో పాతకాలం చాదస్తం మిగిలిపోయి కాదు, పేద తెల్లవాడికి ఓటు ఇద్దాం, ఆస్తి రూల్ తీసేద్దాం అని కూర్చున్న సభల్లోనే, చాలాసార్లు అదే ఆర్టికల్‌లో, పక్కపక్క వాక్యాల్లోనే నల్లవాడి ఓటు తీసేశారు. నేను ఈ కన్వెన్షన్ల (రాజ్యాంగం మార్చడానికి కూర్చున్న సభల) రికార్డులు చాలా ఏళ్లుగా చదువుతున్నా, క్లాసుల్లో చెప్పా కూడా, ఈ ముక్క చెప్తే ఎవరూ ఓ పట్టాన నమ్మరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక విషయం. ఓటు ఎవరికి ఇవ్వాలి అన్నది అప్పట్లో పూర్తిగా రాష్ట్రం ఇష్టం, కేంద్రానికి సంబంధమే లేదు. 1776 తర్వాత ఒక్కో రాష్ట్రం తన రాజ్యాంగం తాను రాసుకుంది, అందులో గీత గీసింది ఎక్కువగా ఆస్తి మీద. ఇంత భూమి ఉండాలి, లేదా పన్ను కట్టి ఉండాలి, అంతే. జార్జియా, సౌత్ కరోలినా తెల్లవాళ్లకే అని రాసుకున్నాయి, వర్జీనియాలో అయితే 1723 నుంచే నల్లవాళ్లకి ఓటు లేదు. కానీ న్యూయార్క్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, మసాచుసెట్స్, మేరీలాండ్, చివరికి బానిస రాష్ట్రమైన నార్త్ కరోలినా కూడా రంగు ఊసే ఎత్తలేదు. స్వతంత్రుడై ఉండి, అడిగినంత ఆస్తో పన్నో చూపిస్తే ఓటు వేయొచ్చు. నిజంగా వేశారు కూడా.

ఇదేదో రాసేవాళ్లు మర్చిపోయి వదిలేసిన సందు అనుకోకండి, ఎందుకంటే 1778 జూన్‌లో దీని మీద జాతీయ స్థాయిలోనే ఓటింగ్ జరిగింది. రాజ్యాంగం కంటే ముందున్న ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్‌లో ఒక రాష్ట్రం స్వతంత్ర నివాసులకి మిగతా రాష్ట్రాల్లో కూడా పౌరుల హక్కులన్నీ ఉంటాయి అని రాస్తే, సౌత్ కరోలినా వాళ్లు లేచి "స్వతంత్ర" పక్కన "తెల్ల" అని కలపండి అన్నారు. రెండు రాష్ట్రాలు సరే అన్నాయి, ఎనిమిది వద్దన్నాయి, ఒకటి రెండుగా చీలింది. అంటే కలపాలా వద్దా అని అడిగితే వద్దని చెప్పి మరీ వదిలేశారు.

ఇక న్యూయార్క్‌కి వద్దాం, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే కథ అక్కడిదే.

1785లో న్యూయార్క్ శాసనసభ బానిసత్వాన్ని మెల్లమెల్లగా రద్దు చేసే బిల్లు పాస్ చేసింది, కానీ విడుదలైన నల్లవాళ్లకి ఓటు ఉండదు అని ఒక మెలిక పెట్టింది. అప్పుడు అక్కడ కౌన్సిల్ ఆఫ్ రివిజన్ అని ఒకటుండేది, బిల్లులని వెనక్కి పంపే అధికారం దానిది. వాళ్లు ఈ బిల్లుని వెనక్కి కొట్టారు. కారణం చూడండి, తెల్ల పూర్వీకులు ఉన్నవాళ్లకే అధికారం వంశపారంపర్యంగా దక్కేలా చేస్తే అది అన్నిటికంటే ప్రమాదకరమైన జమీందారీ అవుతుంది, తరాల తరబడి కొందరిని బయట ఉంచే రిపబ్లిక్ ఎలా నిలబడుతుంది అని. 1785లో ఆ మాట! కాకపోతే దాని ఫలితం కూడా చెప్పాలి, ఆ బిల్లు అక్కడితో చచ్చిపోయింది, రద్దు చట్టం మళ్లీ రావడానికి 1799 దాకా పట్టింది, పద్నాలుగేళ్లు. సూత్రం నిలబెట్టారు, మనుషులు మాత్రం ఇంకొన్నాళ్లు బానిసలుగానే ఉన్నారు. ఆ కౌన్సిల్‌ని మెచ్చుకోవాలో తిట్టాలో నాకు ఇప్పటికీ తేలదు.

ఆ తర్వాత నల్లవాళ్ల ఓటు పార్టీ గొడవలోకి లాగబడింది. ఓటున్న నల్లవాళ్లు ఎక్కువ మంది ఫెడరలిస్టు పార్టీకి వేసేవాళ్లు, బానిసల విడుదల కోసం పనిచేసే సొసైటీలో పెద్దలు జాన్ జే లాంటి ఫెడరలిస్టులే కాబట్టి. ఎదుటి పార్టీకి ఇది కంట్లో నలుసు. 1811లో ఎన్నికల మోసాలు అరికట్టడం పేరుతో ఒక చట్టం తెచ్చారు, ఓటేయడానికి వచ్చిన నల్లవాడు తను బానిస కాదని సర్టిఫికెట్ చూపించాలి, అది తెచ్చుకోవాలంటే లాయరు, జడ్జి, రిజిస్టరు, ఫీజులు. తెల్లవాడిని ఎవరూ ఏ కాగితం అడగరు. 1813 ఎన్నికల్లో న్యూయార్క్ నగరంలో ఓ మూడొందల నల్ల ఓట్ల వల్లే రాష్ట్ర అసెంబ్లీ ఫెడరలిస్టుల చేతికి పోయింది అని ఎనిమిదేళ్ల తర్వాత కూడా కన్వెన్షన్‌లో ఏడుస్తూనే ఉన్నారు.

ఆ కన్వెన్షన్ 1821 ఆగస్టు చివర్లో ఆల్బనీలో మొదలైంది. పిలిచిందే ఓటు హక్కు పెంచడానికి. 1777 రాజ్యాంగం ప్రకారం అసెంబ్లీకి ఓటేయాలంటే 20 పౌండ్ల భూమో లేదా తగిన అద్దె ఇల్లో ఉండాలి, సెనేట్‌కి, గవర్నర్‌కి ఓటేయాలంటే 100 పౌండ్ల భూమి ఉండాలి, ఇదంతా తీసిపారేద్దాం, పన్ను కట్టినా, మిలీషియాలో (మామూలు పౌరులతో కట్టిన సైనిక దళంలో) చేసినా, రోడ్డు పని చేసినా చాలు అన్నారు. మంచిదే కదా. కానీ కమిటీ తెచ్చిన డ్రాఫ్టులో ఇది తెల్ల మగవాళ్లకి మాత్రమే అని ఉంది.

జాన్ జే కొడుకు పీటర్ జే లేచి ఆ మాట కొట్టేయాలి అన్నాడు, రాష్ట్రంలో పెద్ద జడ్జి, ఛాన్సలర్ జేమ్స్ కెంట్ అతనికి మద్దతు. ఎదుటివాళ్ల వాదనలు చదువుతుంటే చిరాకొస్తుంది గానీ చదవాలి. ఒకాయన, రాస్ అని, వీళ్లు మిలీషియాలో సేవ చేయట్లేదు కదా ఓటెందుకు అన్నాడు. మిలీషియాలోకి రానివ్వనిది ఎవరు? 1792 ఫెడరల్ చట్టమే అది తెల్లవాళ్లకి అని రాసింది. తలుపు నువ్వే వేసి లోపలికి ఎందుకు రాలేదని అడిగినట్టు! శామ్యూల్ యంగ్ అయితే వీళ్లకి ఓటేసే తెలివి లేదు, అమ్ముకుంటారు, జైళ్లలో చూడండి ఎంతమంది ఉన్నారో అన్నాడు. ఎరాస్టస్ రూట్ అసలు విషయం దాచుకోకుండా చెప్పాడు, పెద్దోళ్ల బూట్లు తుడిచే వాళ్లు ఆ పెద్దోళ్ల బళ్ల వెనకే పోలింగుకి వచ్చి రాష్ట్ర రాజకీయాన్నే తిప్పేస్తున్నారు అని. ఆయన బాధ ఓట్ల లెక్క, మిగతా మాటలన్నీ పైపూతే. 

వాళ్లకి నాకు నచ్చిన జవాబు చెప్పింది రాబర్ట్ క్లార్క్. ఈయన ఫెడరలిస్టు పెద్దమనిషి కూడా కాదు. స్వాతంత్ర్య యుద్ధంలో నల్లవాళ్లు పోరాడలేదా, బ్రిటన్‌తో 1812 యుద్ధంలో ఎరీ సరస్సు మీద, చాంప్లైన్ సరస్సు మీద ఓడల్లో ఉన్నది ఎవరు, అవసరమైనప్పుడు 1814లో వాళ్లతో రెజిమెంట్లు కట్టడానికి ఈ రాష్ట్రమే చట్టం చేసింది కదా అని. కెంట్ ఏమో లాయర్ బుర్రతో ఇంకో పాయింట్ తీశాడు, పక్క రాష్ట్రంలో పౌరుడిగా ఉన్న నల్లవాడు ఇక్కడికొస్తే ఫెడరల్ రాజ్యాంగం ప్రకారం ఏం చేస్తారు అని. ఈ ప్రశ్నే ముప్పై ఆరేళ్ల తర్వాత డ్రెడ్ స్కాట్ కేసులో నెత్తి మీదకొచ్చింది, దాని సంగతి కింద చెప్తా.

సెప్టెంబర్‌లో ఓటింగ్ పెడితే 63కి 59తో "తెల్ల" అన్న మాట ఎగిరిపోయింది. అంటే జే గెలిచాడు! చాలా మంది ఇక్కడికి చదివి ఆగిపోతారు. తర్వాత ఏం చేశారంటే, ఆ మాట లేకుండానే పని అయ్యేలా ఇంకో కమిటీ ద్వారా కొత్త రూల్ తెచ్చారు. తెల్లవాడికి ఆస్తి అక్కర్లేదు. నల్లవాడికి మాత్రం 250 డాలర్ల విలువైన సొంత భూమి, అదీ అప్పు తనఖా పోను, దాని మీద పన్ను కట్టి ఉండాలి, మూడేళ్లుగా ఈ రాష్ట్ర పౌరుడై ఉండాలి (తెల్లవాడికి ఒక్క ఏడాది చాలు). అంత ఆస్తి లేని నల్లవాడికి ప్రత్యక్ష పన్ను మాఫీ అని ఒక తాయిలం కూడా పెట్టారు, రేపు పన్ను కడుతున్నాం ఓటేది అని అడగకుండా. మార్టిన్ వాన్ బ్యూరెన్, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయినాయన, మొదట "తెల్ల" తీసేయడానికి ఓటేశాడు, తర్వాత ఈ 250 డాలర్లకి కూడా ఓటేశాడు, పైగా దీనివల్ల వాళ్లకి కష్టపడాలనే ప్రోత్సాహం వస్తుంది అన్నాడు. రాజకీయ నాయకుడంటే అలా ఉండాలి మరి. 1826లో తెల్లవాళ్లకి ఆ పన్ను, రోడ్డు పని షరతులు కూడా పోయాయి, నల్లవాళ్ల 250 డాలర్లు మాత్రం చెక్కుచెదరలేదు.

ఫలితం, రాష్ట్రంలో 1820 నాటికే దాదాపు 30 వేల మంది స్వతంత్ర నల్లవాళ్లు ఉంటే, ఓటు అర్హత ఉన్నవాళ్లు 1825లో 300 మంది కూడా లేరు.

మీలో న్యూయార్క్ వెళ్లి సెంట్రల్ పార్క్‌లో ఫోటోలు దిగినవాళ్లు ఉండే ఉంటారు. ఆ పార్క్ పడమటి వైపు, 82వ వీధి నుంచి 89వ వీధి దాకా ఉన్న చోట సెనెకా విలేజ్ అని ఒక ఊరుండేది. 1825 నుంచి నల్ల కుటుంబాలు అక్కడ స్థలాలు కొనుక్కుని ఇళ్లు, చర్చిలు, స్కూలు కట్టుకున్నారు. అక్కడ స్థలం కొనడమంటే ఒక్క ఇల్లే కాదు, 250 డాలర్ల గీత దాటడం కూడా. 1840ల్లో నగరం మొత్తం మీద ఓటున్న నల్లవాళ్లు ఓ వంద మంది ఉంటే అందులో పది మంది దాకా ఈ చిన్న ఊళ్లోనే ఉండేవాళ్లు. 1857కల్లా పార్క్ కోసం ప్రభుత్వం స్థలం తీసుకుని ఊరంతా ఖాళీ చేయించింది. నష్టపరిహారం ఇచ్చారు, కాకపోతే భూమి పోతే దానితో పాటు ఓటూ పోయినట్టే, దానికి పరిహారం లేదు.

ఇంకో ప్రయత్నం గెరిట్ స్మిత్‌ది. ఈయన బాగా డబ్బున్న భూస్వామి, బానిసత్వానికి బద్ధ వ్యతిరేకి. 1846లో రిఫరెండం పెట్టి నల్లవాళ్లకి సమాన ఓటు ఇద్దామా అని జనాన్ని అడిగితే, 2 లక్షల 23 వేల మంది వద్దన్నారు, 85 వేల మందే సరే అన్నారు. ఆ ఓటింగ్‌కి కొన్ని నెలల ముందే స్మిత్, రూల్ మారకపోతే రూల్ ప్రకారమే ఆడదాం అన్నట్టు అడిరాండాక్ కొండల్లో తనకున్న లక్షా ఇరవై వేల ఎకరాలు నలభై ఎకరాల చొప్పున మూడు వేల మంది నల్లవాళ్లకి రాసిచ్చేశాడు. ఆలోచన గొప్పదే, కానీ చలి ప్రాంతం, రాళ్ల నేల, వ్యవసాయం తెలియని నగరం మనుషులు, వెళ్లి స్థిరపడింది కొద్దిమందే. వాళ్లకి సాయంగా ఉందామని 1849లో నార్త్ ఎల్బాకి మకాం మార్చిన తెల్లాయనే జాన్ బ్రౌన్, తర్వాత బానిసల తిరుగుబాటు లేపాలని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేసినాయన.

పెన్సిల్వేనియా కథ ఇంకా ఘోరం, ఎందుకంటే అక్కడ 250 డాలర్ల సందు కూడా మిగల్లేదు.

అక్కడి 1790 రాజ్యాంగం ఇరవై ఒక్కేళ్లు నిండి పన్ను కట్టిన ప్రతి "ఫ్రీమాన్"కీ (స్వతంత్రుడికీ) ఓటు అంది. ఫిలడెల్ఫియాలో గుంపులు కొడతాయనే భయంతో నల్లవాళ్లు పోలింగ్ దరిదాపులకి పెద్దగా పోయేవాళ్లు కాదు, కానీ పల్లె కౌంటీల్లో చాలా చోట్ల ఓటేసేవాళ్లు. 1835లో లూజర్న్ కౌంటీలో విలియం ఫాగ్ అనే నల్లాయన ఓటేయడానికి వెళ్తే ఎన్నికల ఇన్‌స్పెక్టర్ హిరామ్ హాబ్స్ రానివ్వలేదు. ఫాగ్ ఊరుకోకుండా కేసు వేశాడు, కింది కోర్టులో గెలిచాడు. హాబ్స్ పై కోర్టుకి వెళ్లాడు. రాష్ట్ర సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ గిబ్సన్ తీర్పు తిరగేసి, నల్లవాడు "ఫ్రీమాన్" కిందకి రాడు అన్నాడు. ఆధారం ఏంటో తెలుసా? 1795 ప్రాంతంలో ఒక పై కోర్టు ఇలాగే తీర్పు ఇచ్చిందని ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద లాయర్‌కి గుర్తుందట. రికార్డు వెతికించాను, ఆఫీసులో కాగితాలన్నీ చిందరవందరగా ఉన్నాయి, దొరికే ఆశ లేదు అని ఆ జడ్జే తీర్పులో రాసుకున్నాడు. ఒక మనిషి జ్ఞాపకం మీద వేల మంది ఓటు కొట్టేశారు. కోర్టు తీర్పులు చదివే అలవాటున్న వాళ్లు దీన్ని తప్పక చదవాలి.

అదే టైంలో రాష్ట్రంలో రాజ్యాంగ కన్వెన్షన్ నడుస్తోంది. 1837లో హారిస్‌బర్గ్‌లో కూర్చున్నప్పుడు "తెల్ల" కలపాలన్న ప్రతిపాదన మొదట ఓడిపోయింది. ఆ అక్టోబర్‌లో బక్స్ కౌంటీలో ఓడిపోయిన డెమొక్రాట్లు, నల్లవాళ్లు ఓటేశారు కాబట్టే ఓడిపోయాం అని గోల మొదలుపెట్టారు, జడ్జి ఫాక్స్ డిసెంబర్‌లో వాళ్లకి అసలు ఓటు హక్కే లేదు అన్నాడు, ఆ గాలి కన్వెన్షన్‌కి తగిలింది. 1838 జనవరి 20న ఫిలడెల్ఫియాలో 77కి 45తో "తెల్ల" అన్న మాట ఎక్కించేశారు. ఇక్కడా అదే జంట చూడండి, ఇదే కొత్త రాజ్యాంగం జడ్జిల జీవితకాలం పదవులు తీసేసింది, ఎన్నికయ్యే పదవులు పెంచింది, ఓటుకి కావలసిన నివాస కాలం తగ్గించింది. తెల్లవాడి వైపు నుంచి చూస్తే ప్రజాస్వామ్యం ఒక మెట్టు ఎక్కింది. థాడియస్ స్టీవెన్స్ ఆ సభలో సభ్యుడు, చివర్లో ఈ రాజ్యాంగం మీద సంతకం పెట్టను అని పెట్టకుండా వచ్చేశాడు. అంతర్యుద్ధం తర్వాత నల్లవాళ్లకి పౌరసత్వం ఇచ్చిన పద్నాలుగో సవరణ కోసం అమెరికా కాంగ్రెస్‌లో కొట్లాడిన స్టీవెన్స్ ఈయనే.

నల్లవాళ్లు చూస్తూ ఊరుకున్నారా అంటే లేదు. పిట్స్‌బర్గ్ నుంచి అర్జీ వెళ్లింది. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ పర్విస్ అధ్వర్యంలో నలభై వేల మంది పౌరుల విజ్ఞప్తి అని ఒకటి రాసి ప్రజలముందు పెట్టారు, రాజ్యాంగానికి మీరు వేసే ఓటు మా ఓటుని పాతిపెడుతుంది, ఒక మనిషి ఓటు తీసేశారంటే అతని మటుకు మీ ప్రభుత్వం నిరంకుశత్వమే అని. మేం కట్టే పన్నులు ఇవి, మా ఆస్తులు ఇవి, మాలో బీదలకయ్యే ఖర్చు ఇంత అని లెక్కలు కూడా పెట్టారు. పర్విస్ మామగారు జేమ్స్ ఫోర్టెన్, తెరచాపలు కుట్టే పెద్ద వర్క్‌షాప్ ఓనరు, తెల్ల పనివాళ్లు కూడా ఆయన దగ్గర జీతానికి చేసేవాళ్లు. ఆయన 1813లోనే, బయటి నల్లవాళ్లని రాష్ట్రంలోకి రానివ్వకూడదు, ఉన్నవాళ్లు రిజిస్టర్ చేసుకోవాలి అనే బిల్లు వస్తే, పేరు పెట్టకుండా ఉత్తరాలు అచ్చేసి అల్లరి చేశాడు, ఆ బిల్లు పాస్ కాలేదు. ఇరవై ఐదేళ్ల తర్వాత ఓటు విషయంలో మాత్రం ఓడిపోయారు. తన కింద పనిచేసే తెల్లవాడికి ఓటుంది, ఓనరుకి లేదు. 

1838 అక్టోబర్‌లో కొత్త రాజ్యాంగం మీద జనం ఓటేస్తే 1,212 ఓట్ల తేడాతో గట్టెక్కింది, లక్షా 13 వేల 971కి లక్షా 12 వేల 759. అదే ఏడాది మే 17న ఫిలడెల్ఫియాలో బానిసత్వ వ్యతిరేకులు కొత్తగా కట్టుకున్న పెన్సిల్వేనియా హాల్‌ని, తలుపులు తెరిచి నాలుగు రోజులు కాకముందే, గుంపు తగలబెట్టింది. ఫైర్ వాళ్లు వచ్చి పక్క బిల్డింగుల మీద నీళ్లు కొట్టారు, హాల్ మీద కొట్టలేదు. ఊరి వాతావరణం అది.

దక్షిణంలో సంగతేంటి అంటే నార్త్ కరోలినా చెప్పాలి. బానిస రాష్ట్రంలో 1776 నుంచి 1835 దాకా ఆస్తి, పన్ను లెక్క సరిపోయిన స్వతంత్ర నల్లవాళ్లు ఓటేశారు అంటే వింతగా ఉంటుంది కదా. జాన్ చావిస్ అని నల్ల ప్రెస్బిటేరియన్ ప్రచారకుడు ఉండేవాడు, తెల్ల పెద్దింటి పిల్లలకి చదువు చెప్పినాయన, ఆయనా ఓటరే. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు తర్వాత భయం పట్టుకుని నల్లవాళ్లు మతబోధ చేయకూడదని చట్టం తెచ్చి ఆయన నోరు నొక్కారు, 1835 కన్వెన్షన్‌లో ఓటు కూడా పోయింది, 66కి 61, ఐదే ఓట్ల తేడా. విలియం గాస్టన్ అనే జడ్జి కొంత ఆస్తి ఉన్నవాళ్లకైనా వదిలేయండి, నిజాయితీగా బతికే మనిషిని వెలివేసినట్టు చేయకండి అని బతిమాలాడు, వినలేదు. గాస్టన్ క్యాథలిక్. పాత రాజ్యాంగంలో ప్రొటెస్టెంట్లకే పదవులు అని ఒక రూల్ ఉంటే, ఇదే కన్వెన్షన్ దాన్ని క్రైస్తవులందరికీ అని మార్చింది, గవర్నర్‌ని శాసనసభ కాకుండా జనమే ఎన్నుకునేలా కూడా మార్చింది. ఒక చేత్తో గాస్టన్‌కి ఇచ్చి ఇంకో చేత్తో చావిస్ దగ్గర లాక్కుంది. గాస్టన్ 1838లో స్టేట్ వర్సెస్ మాన్యుయెల్ కేసులో స్వతంత్ర నల్లవాళ్లు ఈ రాష్ట్ర పౌరులే అని తీర్పు రాసి తన మాట రికార్డులో పెట్టాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. న్యూజెర్సీలో 50 పౌండ్ల ఆస్తి ఉంటే నల్లవాళ్లే కాదు, పెళ్లికాని ఆడవాళ్లు, విధవలు కూడా ఓటేసేవాళ్లు, 1807లో పన్ను కడితే చాలు అని సడలించి, అదే చట్టంలో తెల్ల మగవాళ్లకి మాత్రమే అని బిగించారు. మేరీలాండ్ 1802కల్లా, కనెక్టికట్ 1818లో, టెన్నెసీ 1834లో అదే దారి. మెయిన్ అనే రాష్ట్రాన్ని మినహాయిస్తే 1819 తర్వాత అంతర్యుద్ధం దాకా యూనియన్‌లో చేరిన ఏ రాష్ట్రమూ నల్లవాళ్లకి ఓటు ఇవ్వలేదు.

ఓటు ఒక్కటే కాదు గొడవ. ఒహాయోలో 1802 కన్వెన్షన్‌లో నల్లవాళ్ల ఓటు 17కి 17 దగ్గర ఆగితే అధ్యక్షుడు ఎడ్వర్డ్ టిఫిన్ తన ఓటుతో కొట్టేశాడు. ఆ తర్వాత 1804, 1807ల్లో బ్లాక్ లాస్, అంటే నల్లవాళ్లని కట్టడి చేసే చట్టాలు. రాష్ట్రంలో ఉండాలంటే స్వేచ్ఛ పత్రం రిజిస్టర్ చేసుకోవాలి, కొత్తగా వచ్చేవాడు 500 డాలర్ల పూచీకత్తు చూపించాలి, తెల్లవాడు పక్షంగా ఉన్న కేసులో నల్లవాడి సాక్ష్యం చెల్లదు. ఈ సాక్ష్యం రూల్ అన్నిటికంటే దుర్మార్గం అని నా లెక్క, ఎందుకంటే నీ ఇంట్లో దొంగతనం చేసినా, నీ కళ్లముందు మనిషిని చంపినా, చూసింది నల్లవాళ్లే అయితే తెల్లవాడు బయటపడొచ్చు. పూచీకత్తు చాలా ఏళ్లు కాగితం మీదే ఉండి, 1829లో సిన్సినాటిలో అమలు చేస్తాం అని బెదిరించి, గుంపులు దాడులు చేస్తే, వెయ్యి మంది పైనే ఊరు వదిలి వెళ్లారు, కొందరు కెనడాలో విల్బర్‌ఫోర్స్ అని ఊరు కట్టుకున్నారు. 1849లో ఆ చట్టాలు చాలావరకు రద్దయ్యాయి, అదీ మనసు మారి కాదు, శాసనసభలో ఏ పార్టీకీ మెజారిటీ లేకపోతే బానిసత్వం వ్యాపించకూడదనే ఫ్రీ సాయిల్ అనే చిన్న పార్టీ సభ్యులు ఇద్దరు బేరం పెట్టి సాధించారు. ఇండియానా మాత్రం 1851లో నల్లవాళ్లు రాష్ట్రంలోకే రాకూడదని రాజ్యాంగంలోనే రాసుకుంది.

ఎదురు ఉదాహరణ ఒక్కటే, రోడ్ ఐలాండ్. అక్కడ 1822లో ఓటు తీసేశారు. 1841లో ఆస్తి రూల్ మీద తిరగబడిన థామస్ డోర్ వర్గం తమ "ప్రజల రాజ్యాంగం"లో తెల్లవాళ్లకే ఓటు అని రాసుకుంది, డోర్ వద్దన్నా వినలేదు. అలెగ్జాండర్ క్రమెల్ అనే నల్ల యువకుడు వెళ్లి అర్జీ ఇచ్చాడు, బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన వక్త ఫ్రెడరిక్ డగ్లస్ వచ్చి ప్రసంగాలు చేశాడు. లాభం లేకపోయేసరికి 1842లో ప్రావిడెన్స్ నల్లవాళ్లు ఎదుటి వర్గం, అంటే సంప్రదాయవాదుల పక్షాన కాపలాకి నిలబడ్డారు, వాళ్లు గెలిచి కృతజ్ఞతగా ఓటు తిరిగి ఇచ్చారు. అంతర్యుద్ధానికి ముందు పోయిన ఓటు వెనక్కి వచ్చిన రాష్ట్రం ఇదొక్కటే, అది ఇచ్చింది కూడా విప్లవకారులు కాదు.

ఎందుకిలా అంటే, ఫిలడెల్ఫియాలో పని కోసం పోటీ, సౌత్‌తో వ్యాపారం చెడుతుందనే భయం, సౌత్ నుంచి విడుదలైనవాళ్లు వచ్చి పడతారనే గుబులు, ఇవన్నీ నిజమే. నా మటుకు నేను ముందు పెట్టేది ఇంకోటి. ఆస్తి గీత ఉన్నంత కాలం బీద తెల్లవాడు, బీద నల్లవాడు ఇద్దరూ బయటే, కలిగిన నల్లవాడు లోపల. ఆ గీత చెరిపేశాక ఓటు అనేది ఆస్తికి కాదు మనిషికి వచ్చే హక్కు అని ఒప్పుకోవాలి, అలా ఒప్పుకుంటే నల్లవాడు కూడా మనిషే అని ఒప్పుకోవాలి, అది వాళ్లకి మింగుడు పడలేదు. అందుకని కొత్త గీత కావాల్సి వచ్చింది. దానికి పార్టీ లెక్కలు తోడయ్యాయి.

ఈ రాష్ట్రాల పాపం ఊరికే పోలేదు. 1857లో, స్వేచ్ఛ కోసం కేసు వేసిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసు తీర్పులో, అమెరికా సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ టానీ, నల్లవాళ్లు ఎప్పుడూ ఈ దేశ పౌరులు కారు అని చెప్పడానికి నార్త్ రాష్ట్రాల చట్టాలనే ఏరి చూపించాడు. నల్ల అమ్మాయిలకి స్కూలు పెట్టిన ప్రూడెన్స్ క్రాండల్‌ని ఆపడానికి కనెక్టికట్ 1833లో చేసిన చట్టం కూడా అందులో ఉంది. జస్టిస్ కర్టిస్ మాత్రం ఒప్పుకోకుండా, న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్, న్యూయార్క్, న్యూజెర్సీ, నార్త్ కరోలినా, ఈ ఐదు చోట్ల మొదట్లో వాళ్లు ఓటర్లే కదా, దేశం కట్టిన వాళ్లలో వాళ్లూ ఉన్నారు కదా అని, గాస్టన్ తీర్పుని, 1778 ఓటింగ్‌ని తీసి చూపించాడు. ఓడిపోయిన వాదనల వల్ల ఉపయోగం ఏంటి అని అడిగే వాళ్లకి నేను ఇది చెప్తుంటా, రికార్డులో ఉంది కాబట్టే కర్టిస్‌కి దొరికింది.

పక్కన ఒక మాట. 1790లో పౌరసత్వం ఇచ్చే ఫెడరల్ చట్టంలో కూడా "స్వతంత్ర తెల్ల వ్యక్తి" అని రాశారు, 1870లో ఆఫ్రికా సంతతికి దాన్ని తెరిచారు కానీ మన భారతీయులకి కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన్ని నువ్వు తెల్లవాడివి కాదు పో అని సుప్రీంకోర్టు అన్నది ఆ మాట పట్టుకునే, మనవాళ్లకి ఆ దారి తెరుచుకుంది 1946లో. డాలస్‌లో, న్యూజెర్సీలో సిటిజెన్‌షిప్ తీసుకున్న మన తెలుగువాళ్లు ఇదంతా ఎవరి గొడవో అనుకోనక్కర్లేదు.

చివరగా, పదిహేనో సవరణ రాగానే నార్త్ అంతా చప్పట్లు కొట్టిందా అన్నారు కదా. న్యూయార్క్‌లో 250 డాలర్ల రూల్ తీసేద్దామా అని 1860లో మళ్లీ అడిగారు, వద్దన్నారు. యుద్ధం అయ్యి, బానిసత్వం పోయి, నల్ల సైనికులు వేలమంది చచ్చిపోయాక 1869 నవంబర్‌లో మూడోసారి అడిగారు, 2 లక్షల 82 వేల మంది వద్దు, 2 లక్షల 50 వేల మంది సరే, మళ్లీ ఓటమే. అప్పటికే ఆ రాష్ట్ర శాసనసభ పదిహేనో సవరణకి ఒప్పుకుని ఉంది, 1870 జనవరిలో కొత్త మెజారిటీ వచ్చి మా ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నాం అని తీర్మానం చేసింది. దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేకుండానే కావలసినన్ని రాష్ట్రాలు సరే అనేశాయి, మార్చి చివర్లో సవరణ అమల్లోకి వచ్చింది.